పద్నాలుగు మలుపులు, ఒక టిఫిన్ డబ్బా

మొన్న తొమ్మిదో తరగతి తెలుగు పిల్లలకు ‘సెలవుల్లో నేను చేయదలచిన పని’ అని వ్యాసం ఇచ్చాం. పదకొండు కాగితాలు వచ్చాయి. ఎనిమిది మంది అమ్మమ్మగారి ఊరికి వెళ్లిపోయారు. ఇద్దరు ఈత నేర్చుకున్నారు. మిగిలిన ఒక్క అబ్బాయి మాత్రం కారు గురించి రాశాడు. వాళ్ల నాన్నగారికి కొండ ప్రాంతానికి బదిలీ అయిందట. వాళ్ల కారు మలుపుల్లో బాగా ఒరుగుతుందట. అందుకని వెళ్లేలోగా పొట్టి స్ప్రింగులూ, లావుపాటి యాంటీ రోల్ బారూ వేయించమని నాన్నను ఎలాగైనా ఒప్పిస్తాడట.

ఆరు చోట్ల దీర్ఘాలు ఎగిరిపోయాయి గానీ వ్యాసం బాగుంది. మార్కులు వేశాక కింద ఒక మాట రాద్దామని ఎర్ర కలం పట్టుకున్నాం. చెప్పాల్సింది చూస్తే మార్జిన్‌లో పట్టేలా లేదు. వాళ్లు బయల్దేరేలోగా మన పత్రిక అచ్చవుతుందన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం. ఎందుకంటే ఆ అబ్బాయి చేయాలనుకుంటున్న పని మేమూ చేయబోయాం.

‘మేము’ అంటే నలుగురం. మీ తెలుగు టీచరు, మావారు, మా అత్తగారు, అప్పటికి మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి. బండిని కూడా కలిపితే ఐదుగురం.

ఆ బండిని విశాఖపట్నంలో ఉండగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. టాల్‌బాయ్ అంటారే, నిలబెట్టిన బీరువాలాంటి చిన్న కారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. వంగకుండా ఎక్కి కూర్చోవచ్చని అదే తీసుకున్నాం. విశాఖ నుంచి జబల్పూరు, జబల్పూరు నుంచి నీలగిరి కొండల్లో ఉన్న వెల్లింగ్టన్ కంటోన్మెంటు. మీలో కొందరి ఇళ్లలో బి.హెచ్. నంబరు బండ్లు ఉండి ఉంటాయి. ఆ సిరీస్ 2021లో వచ్చింది. మా బండి అంతకు ముందుది. ప్రతి బదిలీకీ ఎన్.ఓ.సి. కోసం తిరిగిన రోజులు మావి. సామాన్ల లారీ పది రోజులు ఆలస్యంగా వస్తుందని మీకు మేము చెప్పక్కర్లేదు. అందుకని కుక్కరు, పరుపులు, దిద్దాల్సిన జవాబు పత్రాలు అన్నీ కారు మీదే వెళ్లేవి. దానికోసం పైన ఇనుప కారియర్ బిగించాం. బదిలీ అయిపోయాక దాన్ని విప్పుదామనుకుంటూనే ఏళ్లు గడిచాయి. అసలు విషయం అక్కడే మొదలైందని తర్వాత తెలిసింది.

వెల్లింగ్టన్ వెళ్లాక అత్తగారి కంటికి కోయంబత్తూరులో వైద్యం మొదలైంది. నెలకోసారి దిగాలి, మళ్లీ ఎక్కాలి. మేట్టుపాళయం నుంచి కూనూరు దాకా ముప్పై కిలోమీటర్లకు పైగా ఘాట్ రోడ్డు. ఆ కాస్త దూరంలోనే దాదాపు 1,500 మీటర్లు ఎక్కుతాం. అందులో 14 హెయిర్‌పిన్ మలుపులు. తలపిన్నులా రోడ్డు పూర్తిగా వెనక్కి తిరిగిపోతుంది. ప్రతి మలుపు దగ్గరా ఎన్నోదో బోర్డు ఉంటుంది. మా అమ్మాయి ఆ బోర్డులు లెక్కపెడుతూ నాలుగో దానికి పచ్చబడేది, ఆరో దానికి వాంతి చేసుకునేది. నీలగిరి జిల్లాలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులు నిషేధం. కాబట్టి మూత గట్టిగా పట్టే ఒక పాత స్టీలు టిఫిన్ డబ్బాను ఆ పనికి కేటాయించాం. దిగేటప్పుడు ఒకసారి, ఎక్కేటప్పుడు ఒకసారి. అత్తగారు తలుపు పైన ఉన్న పిడి పట్టుకుని మలుపుకో గోవింద చొప్పున పెట్టేవారు.

ఇంతవరకూ ఓర్చుకున్నాం. ఒక ఆదివారం మాత్రం భయపడ్డాం. కోయంబత్తూరు నుంచి రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, ఒక మడత బల్ల కారియర్‌కి కట్టుకుని ఎక్కుతున్నాం. బర్లియార్ దాటాక ఒక మలుపులో పైనుంచి వచ్చిన బస్సు మా వైపుకి చాలా లోపలికి వచ్చింది. పక్కకి కోసి, మళ్లీ వెంటనే ఇటు కోశాం. బండి ముందు ఒక వైపుకి, ఆ ఊపు తీరకముందే రెండో వైపుకి ఒరిగింది. అమ్మాయి తల అద్దానికి కొట్టుకుంది. లోపలి వైపు చక్రం ఆ క్షణంలో నేల మీద ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. కాస్త చోటు దొరికాక ఆపి దిగాం. అత్తగారు గోవింద కూడా అనలేదు. అమ్మాయి మాత్రం మెల్లగా అడిగింది, “మన కారు పడిపోతుందా?” అని. ముగ్గురు పెద్దవాళ్లం ఉన్నాం, ఒక్కరం కూడా జవాబు చెప్పలేదు.

ఆ వారమే కోయంబత్తూరులో కార్లకు హంగులు దిద్దే ఒక దుకాణానికి వెళ్లాం. మన అబ్బాయి వ్యాసంలో రాసినవే వాళ్లూ చెప్పారు. బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు, లావుపాటి యాంటీ రోల్ బార్. మొత్తం నలభై ఐదు వేలు. అంత డబ్బు లేదంటే, ఆ దుకాణం వాళ్లే స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు చూపించారు. మూడు వేల రెండు వందలు. ‘ఒరగడం ఇవాళ్టితో బంద్’ అన్నారు. వేయించుకున్నాం.

నిజంగానే ఒరగడం కొంచెం తగ్గింది. కానీ గుంట వచ్చినప్పుడల్లా పళ్లు టకటకలాడాయి. అత్తగారి మోకాళ్ల సంగతి సరేసరి. తడి రోడ్డు మీద గతుకులున్న మలుపులో వెనక చక్రాలు నేలను పట్టుకోకుండా ఎగిరెగిరి పడేవి. అమ్మాయి ఆరో మలుపుకి బదులు ఐదో మలుపుకే డబ్బా మూత తీసింది. మూడు నెలలయ్యాక తను ఇంక కొండ దిగనని చెప్పేసింది. వేసవి సెలవులకి విశాఖ కూడా రానంది. “మీరు వెళ్లండి, నేను పక్కింటి ఆంటీ దగ్గర ఉంటాను” అంది. ఎనిమిదేళ్ల పిల్ల అమ్మమ్మను చూడ్డానికి రానంటే మాకు అన్నం సయించలేదు.

మాకు దారి చూపించింది బియ్యం కొట్టు ఆయన. కోయంబత్తూరులో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. మనం మరిచిపోయిన మాటలు కొన్ని వాళ్ల ఇళ్లలో ఇంకా బతికే ఉన్నాయి. ఆ కొట్టు ఆయన మా అవస్థ విని, ఊరి చివర షెడ్డు నడిపే ఒక పెద్దాయన దగ్గరికి పంపాడు. డెబ్బై ఏళ్లుంటాయి. వయసులో ఉన్నప్పుడు రేసు బండ్లకి పని చేసినాయన. ఆ ఊళ్లో అది వింత కాదు. చిన్న చిన్న రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ ఆ ఊరివారే. ఆయన పేరు మీదే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే అనే రేసు బాట ఉంది. 2005లో ఫార్ములా వన్‌లో మన దేశం తరఫున మొదటిసారి పరుగు పెట్టిన నరేన్ కార్తికేయన్‌దీ ఆ ఊరే.

పెద్దాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, పైన కారియర్ చూసి, “ఈ వండి పైన ఇంత ఇనుము ఏంటికి?” అన్నారు. మన బండి వాళ్లకి వండి. అరవంలో వండి, తెలుగులో బండి. ఆయన తెలుగులో ఆ రెంటికీ పేచీ లేదు.

తర్వాత మాతో మాట్లాడకుండా మా అమ్మాయిని పిలిచారు. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడమని, భుజం మీద ఒక వేలితో నెట్టారు. తూలింది. కాళ్లు ఎడం చేసి నిలబడమని మళ్లీ నెట్టారు. కదల్లేదు. అలాగే ఎడంగా నిలబెట్టి, నెత్తి మీద స్కూలు సంచి పెట్టి నెట్టారు. ఊగిపోయింది. ఆఖరున సంచి అలాగే ఉంచి, మోకాళ్లు కర్రల్లా బిగబట్టమన్నారు. ఈసారి నెడితే ఒళ్లు ఒరగలేదు. ఒరగకుండానే పలకలా మొత్తంగా పక్కకి పడబోతే పట్టుకున్నారు.

“ఇప్పుడు సెప్పు పాపా, మోకాళ్లు బిగబడితే మేలా?”

“ఒరగలేదు, కానీ పడిపోతున్నా” అంది.

“అంతే. మీ అమ్మా నాన్నా ఆ రబ్బరు ముక్కలతో మోకాళ్లు బిగబట్టినారు. నెత్తిన సంచి దించలేదు.”

పిల్లలూ, ఇది కాస్త నిదానంగా చెప్పుకుందాం. మీ నాన్నగారి కారుకీ ఇదే వర్తిస్తుంది.

బండి మలుపు తిరిగేటప్పుడు దాన్ని లోపలికి లాగేది టైర్లు. అవి నేల దగ్గర ఉంటాయి. బండి బరువంతా ఒక చోట కూడిందనుకుంటే ఆ చోటు నేలకు అరమీటరు పైన ఎక్కడో ఉంటుంది. కింద లాగుతుంటే పైనున్న బరువు తిన్నగానే పోతానంటుంది. బస్సు తిరిగినప్పుడు నిలబడ్డ మీరు బయటి వైపుకి తూలుతారే, అదే. అప్పుడు బయటి వైపు చక్రాల మీద బరువు పెరిగి, అటు స్ప్రింగులు నొక్కుకుంటాయి. లోపలి వైపువి సాగుతాయి. బయటికి మనకు కనిపించే ఒరుగు ఇదే.

దీన్ని తగ్గించే భాగాలు మూడు రకాలు. గట్టి స్ప్రింగు వేస్తే తక్కువ నొక్కుకుంటుంది, కాబట్టి తక్కువ ఒరుగుతుంది. కానీ గుంటలోనూ తక్కువే నొక్కుకుంటుంది. చక్రం రోడ్డుకి అంటుకుని దిగాల్సింది పోయి గెంతుతుంది. షాక్ అబ్జార్బర్ ఒరగడాన్ని ఆపదు, ఒరిగే వేగాన్ని పట్టి ఉంచుతుంది. అటూ ఇటూ వెంటవెంటనే తిప్పినప్పుడు దాని విలువ తెలుస్తుంది. బస్సు ఎదురైన రోజు మా బండి రెండో ఊపు అంత పెద్దదిగా రావడానికి ఒక కారణం అది అరిగిపోవడమే. మూడోది యాంటీ రోల్ బార్. ఇది చాలా తెలివైన కడ్డీ. రెండు చక్రాల మధ్య అడ్డంగా, చివర్లు వంచి ఉంటుంది. ఒక్కో చివర ఒక చిన్న లింక్ రాడ్‌తో ఒక్కో చక్రం వైపుకి కలిపి ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ ఊరికే తిరుగుతుంది, ఏ అడ్డూ చెప్పదు. మలుపులో ఒకటి లేచి ఇంకొకటి దిగితే మెలిపడుతుంది. మెలి తిప్పిన తువ్వాలు విడిపోవడానికి చూసినట్టే, అదీ తిరిగి సాఫు కావాలని చూస్తుంది. ఆ బలం ఒరగడాన్ని ఆపుతుంది.

దీని లావు విషయంలో ఒక తమాషా ఉంది. మెలికి ఎదురు నిలిచే శక్తి కడ్డీ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది వేశారనుకోండి. పెరిగింది పదో వంతే కదా అనిపిస్తుంది. 1.1ని నాలుగుసార్లు వేసి గుణించి చూడండి, 1.46 వస్తుంది. అంటే 46 శాతం బిగుసుకుంది. అందుకే లావు బార్ వేయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పెద్దాయన తన కాలంలో ఎన్నో వేశారట. “రేసుబాట నున్నగా ఉంటాది. ఈ కొండ దారిలో ఒక చక్రం గుంటలో పడితే, ఆ బార్ రెండో చక్రాన్నీ కుదిపేస్తాది” అన్నారు. పైగా ముందు వైపు మాత్రమే లావు చేస్తే స్టీరింగు తిప్పినంతగా బండి తిరగక ముందుకే జారుతుంది. వెనక మాత్రమే చేస్తే తడి రోడ్డు మీద తోక పక్కకి పోతుంది. తూకం తెలిసినవాళ్లు చేయాల్సిన పని అది. స్ప్రింగులు కోసి పొట్టివి చేయడం గురించి అడిగితే ఆయన జవాబే చెప్పలేదు. చేతిలో ఉన్న పానా కింద పెట్టేసి మా వైపు చూశారు. కోసిన స్ప్రింగు దాని గిన్నెలో సరిగ్గా కూర్చోదు, చక్రం వేలాడినప్పుడు పక్కకి తప్పుకోగలదు. ఇది తర్వాత ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు చెప్పాడు.

అసలు ఆశ్చర్యం బండిని లిఫ్ట్ మీదికి ఎత్తాక. మా బండికి ముందు వైపు యాంటీ రోల్ బార్ ఉంది. కొన్ని చవక రకాలకు అదీ ఉండదు. కుడి చివర లింక్ రాడ్ ఉంది. ఎడమ చివర లేదు. విరగలేదు, ఊడిపోలేదు. ఎవరో శుభ్రంగా విప్పి తీసేశారు. కడ్డీ ఒక చెయ్యి జేబులో పెట్టుకున్నట్టు వేలాడుతోంది. ఒక చివర ఖాళీగా ఉంటే అది మెలిపడదు. మెలిపడకపోతే ఉన్నా లేనట్టే.

మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. జబల్పూరులో ఉండగా స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ఎడమ ముందు చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు వచ్చేది. ఇంటి దగ్గర ఉన్న మెకానిక్ అరగంటలో ఆ చప్పుడు పోగొట్టి రెండు వందలు తీసుకున్నాడు. ఎంత మంచివాడో, ఎంత చవకో అని నలుగురికి చెప్పాం కూడా. చప్పుడు చేస్తున్న లింక్ రాడ్‌ను మార్చకుండా తీసి పక్కన పడేస్తే చప్పుడు పోక ఏం చేస్తుంది? జబల్పూరు రోడ్లు తిన్నగా ఉంటాయి కాబట్టి తేడా తెలియలేదు. మూడేళ్ల తర్వాత నీలగిరి మలుపుల్లో తెలిసింది. మనలాంటి వాళ్ల బండ్లకి ఇదొక శాపం. ఒక ఊరి మెకానిక్ చేసినది ఇంకో ఊళ్లో బయటపడుతుంది. అప్పటికి అడగడానికి మనం ఆ ఊళ్లో ఉండం.

నలభై ఐదు వేల లావు బార్ కొని ఉంటే ఏమయ్యేదో అని మావారు పైకే అన్నారు. “బిగించేటప్పుడు కొత్త లింకులు పెట్టేవాళ్లు కదా, దాంతోనే సగం రోగం పోయేది. మీరు ఆ మెప్పు బార్‌కి ఇచ్చి ఉందురు” అని పెద్దాయన నవ్వారు.

మిగతా మరమ్మతు త్వరగా చెప్పేస్తాం. రెండు వైపులా కొత్త లింక్ రాడ్లు. కడ్డీని పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు ఎండి పగిలాయి, అవీ కొత్తవి. ముందు షాక్ అబ్జార్బర్ ఒకటి నూనె కారుతోంది, జతగా రెండూ మార్చారు. స్ప్రింగుల మధ్య రబ్బరు ముక్కలు పీకేశారు. అవి కొన్ని చుట్లను పనిచేయనివ్వక స్ప్రింగును బిగిస్తూనే, బండిని ఎత్తి బరువును ఇంకా పైకి పెట్టాయట. మేము డబ్బిచ్చి కొనుక్కున్న రోగం అది. టైర్లలో గాలి తలుపు అంచున రాసిన దానికన్నా ఏడు పాయింట్లు తక్కువ ఉంది. మెత్తని టైరు గోడ కూడా మలుపులో ముడుచుకుని ఒరుగుకి తోడవుతుంది. అన్నీ కలిపి పదివేల లోపే అయింది. కారియర్ విప్పి డిక్కీ పక్కన పెట్టి, “దీన్ని ఇంటికి తీసుకుపోయి గులాబీ తీగ పాకించండి” అన్నారు.

కానీ ఆయన ఊరికే పంపలేదు. “ఇప్పుడు తక్కువ ఒరుగుతాది. అందుకని తొందరగా తిప్పబాకండి. ఒరగకపోతే భయం పోతాది. భయం పోయినా బరువు పోదు” అన్నారు.

ఆ రాత్రి మావారు బియ్యం రసీదు వెనక లెక్క వేశారు. అంకెలు మేము ఉజ్జాయింపుగా అనుకున్నవే, కానీ పద్ధతి పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో మీరూ చదువుతారు. మనుషులతో కలిపి బండి 1,000 కిలోలు. బరువు కేంద్రం నేలకు 0.6 మీటర్ల ఎత్తు. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. 12 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపును గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, పక్కకి పడే బలం బండి బరువులో 0.4 వంతు. అప్పుడు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే బరువు 1,000 × 0.4 × 0.6 ÷ 1.4. అంటే 171 కిలోలు. ఇప్పుడు 1.7 మీటర్ల ఎత్తున కారియర్ మీద 60 కిలోలు పెట్టండి. మారే బరువు 200 కిలోలు దాటుతుంది. పెట్టింది వందకి ఆరు, పెరిగింది వందకి పదిహేడు.

ఆ లెక్కలో ఇంకోటి గమనించారా? స్ప్రింగు ఎంత గట్టిది, బార్ ఎంత లావు అన్నది అందులో ఎక్కడా లేదు. ఎంత ఒరిగినట్టు కనిపించాలో అవి నిర్ణయిస్తాయి, ఆ బరువును ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచుతాయి. బయటి వైపుకి మొత్తం ఎంత బరువు మారుతుందో మాత్రం ఎత్తు, వెడల్పు, వేగం తేలుస్తాయి. అమ్మాయి మోకాళ్లు బిగబట్టినా పడబోయింది ఇందుకే. వేగం 25 నుంచి 20కి తగ్గించి మళ్లీ వేశారు. వేగం వర్గంలో పడుతుంది కాబట్టి పక్కకి పడే బలం 0.64 వంతుకి దిగింది. ఐదు కిలోమీటర్లు తగ్గిస్తే మూడో వంతుకు పైగా మాయం. అంత ఫలితమిచ్చే భాగం ఏ దుకాణంలోనూ మాకు చూపించలేదు.

పెద్ద కంపెనీలూ ఈ పాఠం కష్టపడే నేర్చుకున్నాయి. 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక పత్రిక వాళ్లు, రోడ్డు మీదికి దుప్పి వస్తే తప్పుకున్నట్టు అటూ ఇటూ కోసి పరీక్షిస్తే, అప్పుడే వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తాపడింది. అదీ ఎత్తుగా ఉండే చిన్న కారే. కంపెనీ కొన్నాళ్లు అమ్మకాలు ఆపి, సస్పెన్షన్ మార్చడంతో సరిపెట్టుకోకుండా, జారకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఈ.ఎస్.పి.ని అన్ని బండ్లకీ పెట్టింది.

ఇక మన అబ్బాయికి. నీ వ్యాసం తప్పని ఈ కథ చెప్పలేదు. మంచి షాక్ అబ్జార్బర్లు, బండికి తగిన బార్ తెలిసినవాళ్లు వేస్తే బండి నిజంగా బాగుపడుతుంది. దాచుకున్న డబ్బు తీసే ముందు ఒక ఆదివారం నాన్నగారితో కలిసి బండి చూడు. బానెట్ మూల గట్టిగా నొక్కి వదులు. ఒక్కసారి లేచి ఆగిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే అటువైపు షాక్ అబ్జార్బర్ పోయినట్టే. గాలి చూడు. పైన కారియర్ ఉంటే దించు. మెకానిక్ బండిని ఎత్తినప్పుడు లింకులు రెండూ ఉన్నాయో లేవో నీ కళ్లతో చూడు. మార్పులు చేయించాలనుకుంటే మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉందని, రిజిస్ట్రేషన్‌లో రాసినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని నాన్నగారికి గుర్తుచెయ్యి. బీమా వాళ్లకీ చెప్పాలి. మీ చెల్లెలు ఉంటే, బండిలో బొమ్మల పుస్తకం చదవనీయకు. చెవి లోపల ఉండే తూకం బండి తిరుగుతోందంటుంది, పుస్తకం మీదున్న కన్ను కదల్లేదంటుంది. ఆ తగాదా కడుపు మీదికి వస్తుంది. ఇది మాకు తెలియడానికి పదహారు వాంతులు పట్టింది.

షెడ్డు నుంచి తిరిగి వచ్చిన రోజు బియ్యం కొనలేదు. మేట్టుపాళయంలో టీ తాగి, నెమ్మదిగా ఎక్కాం. అమ్మాయి ఒళ్లో టిఫిన్ డబ్బా, చూపు రోడ్డు మీద. నాలుగో బోర్డు దాటింది. ఆరో బోర్డు దాటింది. బండి ఒరగడం పూర్తిగా ఆగలేదు, కానీ ఒరిగి, అక్కడే ఆగి, మళ్లీ నిదానంగా లేస్తోంది. తొమ్మిదో దానికి కాస్త మొహం మాడ్చింది. కిటికీ దించాం, యూకలిప్టస్ గాలి వచ్చింది. వెనక నుంచి హారన్ కొట్టిన వాళ్లందరికీ దారి ఇచ్చేశాం. పదకొండు, పన్నెండు, పదమూడు. పద్నాలుగో బోర్డు దగ్గర ఎవరం మాట్లాడలేదు. అత్తగారు మాత్రం బాకీ ఉన్న గోవిందలన్నీ ఒకేసారి చెల్లించారు.

కూనూరు బజారులో ఆగి, అక్కడి బేకరీలో ఊటీ వర్కీలు కొన్నాం. వేడివేడిగా, పొరలు పొరలుగా ఉన్నాయి. పొట్లం నూనె కారుతోంది. ఖాళీగా ఉంది కదా, పైగా వెల్లింగ్టన్ దాకా వెళ్లాలి కదా అని మావారు ఆ టిఫిన్ డబ్బా అందుకున్నారు.

“ఛీ, అందులో వద్దు నాన్నా!” అంది అమ్మాయి, పొట్లం లాక్కుని.